కొంగ గురక

వేదిక పలకల కింద నా చోటు.
తిబిలిసి పాత వీధిలో
నలభై కుర్చీల బొమ్మలాట హాలు మాది.
రొట్టె పెట్టెంత కంప్యూటర్ ఒకటి నా మోకాలి పక్కన:
వాన, రైలుకూత, కొంగ రెక్కల చప్పుడు
అన్నీ దాని పొట్టలోనే.

పోయిన ఆదివారం, మూడో రంగం.
మంచులో కొంగ ఒరిగిపోయే చోట
చీమ చిటుక్కుమన్నా వినపడాలి.
సరిగ్గా అప్పుడే ఫ్యాన్ రాగం ఎత్తుకుంది.
ముందు వరస పిల్లాడు
"అమ్మా, కొంగ గురక పెడుతోంది" అన్నాడు.
హాలంతా నవ్వు.
జాయిరా కడ్డీలు వదల్లేదు,
చచ్చిన కొంగని చచ్చినట్టే పట్టుకుంది.
ఆట అయ్యాక నన్ను ఒక్క మాటా అనలేదు.
తిట్టినా బాగుండేది.

సోమవారం మల్ఖాజ్ కొట్టు.
అటు కారు రేడియేటర్లు, ఇటు కుట్టుమిషన్ మోటార్లు,
మధ్యలో ఆయన, మెడలో కొలతపట్టకారు వేలాడేసుకుని.
"ఎత్తెంత, జుంబెర్?"
ప్రాసెసర్ నెత్తి నుంచి పెట్టె మూత దాకా
నలభై ఏడు మిల్లీమీటర్లు.
"మరి ఆశెంత?"

ముందు మేడలాంటి కూలర్ తీశాడు, ఆరు రాగి గొట్టాలది.
నా కళ్లు వెలిగాయి. మూతకి కంత పెట్టాలన్నాడు.
రెండోది నలభై ఎనిమిది.
ఒక్కటే కదా తేడా అన్నాను.
"పంటి సందున పీచూ అంతే ఉంటుంది" అన్నాడు.
మూడోది ముప్పై ఏడు.
పొట్టిది, వెడల్పుది, అట్లపెనం మీద ఫ్యాన్ బోర్లించినట్టు.
"ఇది గుర్రం కాదు, గాడిద.
అరవై అయిదు వాట్లు మోస్తుంది. అంతకు మించి ఎక్కించకు."

"ఇక మధ్యలో ఏం పరుస్తావ్?"
పేస్టు రాస్తే మొదటి ఏడు మహారాజట.
రోజుకి రెండాటలు, రెండుసార్లు కాగి చల్లారడం,
మెల్లగా అంచులకి జరిగి ఎండిపోతుందట.
బొగ్గురేకు ఎండదు. కానీ దాన్లో కరెంటు పారుతుంది,
వెంట్రుకవాసి పక్కకి జారిందా, బోర్డు బూడిదే.
అప్పుడు సొరుగు అడుగు నుంచి
తపాలా బిళ్లంత బూడిదరంగు ముక్క తీశాడు.
నలభై అయిదు డిగ్రీల దగ్గర మెత్తబడి
కంటికానని గుంటల్లోకి పాకుతుంది,
చల్లారితే అక్కడే కూర్చుంటుంది.
"మొదటి రోజు అంకెలు చూసి నన్ను తిట్టుకోకు.
కాస్త కాగనీ దాన్ని."

రాత్రి విప్పాను.
పాత పేస్టు గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులు.
స్పిరిట్ దొరక్క ఇంటి చాచాతోనే తుడిచాను,
గదంతా ద్రాక్ష సారా వాసన.
బిళ్లకి రెండు వైపులా పొరలుంటాయి.
ఒకటి మర్చిపోయి బిగించాను. మళ్లీ విప్పాను.
ఎదురుమూల మర తర్వాత ఎదురుమూల మర,
సగం, పావు, ఇంకో పావు.
తొంభై నాలుగు ఉండేది డెబ్బై ఒకటికి దిగింది.

ఆదివారం. మూడో రంగం. మంచు.
పెట్టె ఉందా లేదా అన్నంత మౌనం.
అప్పుడు వినపడింది
నా నెత్తి మీద పలకల సందుల్లోంచి
సన్నగా ఈల, ఆగి, మళ్లీ ఈల.
మోకాళ్ల మీద వంగి కొంగని మోస్తున్న
జాయిరా ఛాతీ.
ఎన్నాళ్లుగా ఉందో.
ఆ పాడు ఫ్యాన్ ఎన్నాళ్లు కప్పిందో.

ముందు వరసలో ఈసారి ఒక పాప:
"కొంగ ఇంకా బతికే ఉంది!"
ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి సెట్టింగులు తెరిచి
మూడో రంగానికి మాత్రం
ఫ్యాన్ వేగం పన్నెండు వందలకి పెంచాను.
డిగ్రీలకి దాని అవసరమేం లేదు.

తర్వాతి ఆట అయ్యాక జాయిరా
మెట్ల మీద ఆగి ఊపిరి తీసుకుని అడిగింది,
"మళ్లీ మోగుతోందేం, నీ పెట్టె?"

చవక సరుకు అన్నాను.
మల్ఖాజ్ పేరు పాడుచేశాను, పాపం.